ఎక్స్‌32 మిక్సర్‌ని ల్యాప్‌టాప్‌తో నడపడం: ముందు కేబుల్ మీద, ఆ తర్వాతే వైఫై

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. బెరింగర్ ఎక్స్‌32కి విండోస్ ల్యాప్‌టాప్ కలిపితే, మిక్సర్‌ని కంప్యూటర్ నుంచి నడిపే ఎక్స్‌32 ఎడిట్ ప్రోగ్రామ్‌లో మిక్సర్ కనిపించడం లేదు. గుంటూరు, విజయవాడ ఫంక్షన్ హాళ్లలో అక్కడి వైఫై మీద ఒక్కోసారి కనిపించినా, జనం నిండాక తెగిపోతోంది. మీరే బిగించిన ఒక చర్చిలోని ఎక్స్‌ఆర్18 మిక్సర్‌ని ఇంటి నుంచి సరిచేసే దారి ఉందా అన్నది మూడోది.

మొదటి రెండూ వేర్వేరు జబ్బులు. మిక్సర్ కనిపించకపోతే తప్పు ఐపీ అడ్రసులోనో, ఫైర్‌వాల్‌లోనో, తప్పు జాక్‌లోనో ఉంటుంది. జనం వచ్చాక తెగిపోవడం పూర్తిగా రేడియో సమస్య. రెండూ ఒకేసారి వెతికితే ఏది దేనివల్లో తేలదు. అందుకే ల్యాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ చేసి, రూటర్ కూడా మధ్యలో లేకుండా, ఒక్క కేబుల్‌తో నేరుగా మిక్సర్‌కి కలపండి. అది ఖాయంగా పనిచేశాకే మిగతావి చేర్చండి.

ముందు జాక్ సంగతి. ఎక్స్‌32 వెనక ఒకేలా కనిపించే ఆర్‌జే45 జాక్‌లు నాలుగున్నాయి: ఏఈఎస్50 ఏ, ఏఈఎస్50 బీ, పీ16 కోసం అల్ట్రానెట్, రిమోట్ కంట్రోల్ దగ్గర ఈథర్‌నెట్. మీకు కావలసింది చివరిదొక్కటే. ఏఈఎస్50 స్టేజి బాక్సుకి (స్టేజి మీది మైకు కేబుళ్లు కలిపే పెట్టె), అల్ట్రానెట్ పీ16 పర్సనల్ మానిటర్లకి. ఆ రెండిట్లోనూ వెళ్లేది ఆడియోనే, అవి కంప్యూటర్ నెట్‌వర్క్ కాదు. ల్యాప్‌టాప్‌ని గానీ, మామూలు నెట్‌వర్క్ స్విచ్‌ని గానీ వాటికి కలిపి ప్రయోజనం లేదు. ఎక్స్‌పాన్షన్ కార్డు మీది యూఎస్‌బీ కూడా వేరే సంగతి. అది 32 ట్రాకులు రికార్డు చేసుకోవడానికి. ఫేడర్లు (సౌండ్ పెంచే, తగ్గించే జారుడు మీటలు) కదపడం ఈథర్‌నెట్ పని, రికార్డింగ్ యూఎస్‌బీ పని అనుకోండి. రెండూ ఒకేసారి వాడుకోవచ్చు.

క్రాస్ కేబుల్ అక్కర్లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్ పోర్టులు జతలను వాటంతట అవే సర్దుకుంటాయి. ఎక్స్‌32 ఈథర్‌నెట్ వేగం 100 ఎంబీపీఎస్ కాబట్టి అందులో పనిచేసేవి 1, 2, 3, 6 పిన్నులు మాత్రమే. ఇక్కడే ఒక మెలిక. మిగతా నాలుగు పిన్నుల్లో ఏదో తెగిన కేబుల్ కూడా కంట్రోల్‌కి చక్కగా పనిచేస్తుంది. అదే కేబుల్‌ని స్టేజి బాక్సుకి పెడితే ఏఈఎస్50 లాక్ కాదు, ఎందుకంటే దానికి ఎనిమిది వైర్లూ కావాలి. "పొద్దున ల్యాప్‌టాప్‌కి బాగానే పనిచేసిందే" అని స్టేజి బాక్సుని అనుమానించేవాళ్లు ఎక్కువ. ఎనిమిది లైట్ల చిన్న టెస్టర్ ఒకటి కిట్‌లో పడేసుకోండి. మీరే క్రింప్ చేస్తుంటే రెండు వైపులా ఒకే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

ఇక అడ్రసులు. మిక్సర్ మీద సెటప్ నొక్కి నెట్‌వర్క్ పేజీకి వెళ్లండి. ఐపీ 192.168.10.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.10.1 ఇవ్వండి. ఒకసారి మిక్సర్ ఆపి ఆన్ చేస్తే కొత్త అడ్రసు ఎక్కిందో లేదో అన్న సందేహం ఉండదు. మూడో అంకె 0 లేదా 1 కాకుండా 10 పెట్టమన్నది ఊరికే కాదు. హాళ్లలో ఉండే రూటర్లలో చాలా వరకు 192.168.0 లేదా 192.168.1తోనే వస్తాయి. ల్యాప్‌టాప్ వైఫై హాలు నెట్‌లోనూ, కేబుల్ మిక్సర్‌లోనూ ఉండి రెండూ ఒకే వరస అయితే, మిక్సర్‌కి పోవాల్సిన ప్యాకెట్‌ని విండోస్ హాలు రూటర్ వైపు పంపేయొచ్చు.

ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. అడాప్టర్లన్నీ కనిపిస్తాయి. ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4, అందులో 192.168.10.20, మాస్క్ 255.255.255.0. గేట్‌వే, డీఎన్ఎస్ ఖాళీగా వదలండి. గేట్‌వే ఇస్తే ఇంటర్నెట్ కూడా ఈ కేబుల్లోంచే వెతుకుతుంది, తర్వాత నెట్ రావడం లేదని ఇంకో తలనొప్పి.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 192.168.10.10, చివర హైఫన్ టీ. జవాబు 1 మిల్లీసెకను లోపు వస్తూ ఉంటే కేబుల్, అడ్రసులు బాగున్నట్టే. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని మీ ల్యాప్‌టాప్ అడ్రసు నుంచే వస్తే, ఆ అడ్రసుతో ఎవరూ పలకలేదని అర్థం. తప్పు జాక్, తెగిన కేబుల్, లేదా మిక్సర్‌లో అంకె తప్పు కొట్టారు. పోర్టు దగ్గర లైటు వెలగడం లేదంటే అడ్రసుల జోలికి పోనక్కర్లేదు, కేబుల్ మార్చండి. అడాప్టర్‌లో అడ్రసు ఆటోమేటిక్ మీద వదిలేసి, అది 169.254తో మొదలైతే, ల్యాప్‌టాప్‌కి అడ్రసు ఇచ్చేవాళ్లు ఎవరూ దొరకలేదన్నమాట. నేరుగా కలిపినప్పుడు అలాగే వస్తుంది, ఎందుకంటే ఎక్స్‌32 ఎవరికీ అడ్రసులు పంచదు.

పింగ్ వస్తోంది, ఎడిట్‌లో మాత్రం కనిపించడం లేదు అంటే నూటికి తొంభై పాళ్లు ఫైర్‌వాలే. ఎక్స్‌32 మాట్లాడేది ఓఎస్‌సీ అనే ఆదేశాల భాష, యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) పోర్టు 10023 మీద. ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌ని విండోస్ "అన్‌ఐడెంటిఫైడ్" అంటూ పబ్లిక్ కింద వేస్తుంది. మీరు మొదటిసారి ప్రోగ్రామ్ తెరిచినప్పుడు వచ్చిన ఫైర్‌వాల్ కిటికీలో ప్రైవేట్ ఒక్కటే టిక్ చేసి ఉంటారు, లేదా చూడకుండా క్యాన్సిల్ కొట్టి ఉంటారు. ఫైర్‌వాల్‌లో "అలో యాన్ యాప్" జాబితాకి వెళ్లి ఎక్స్‌32 ఎడిట్‌కి ప్రైవేట్, పబ్లిక్ రెండూ టిక్ పెట్టండి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ వేరు, అందులోనూ చూడాలి. ఎడిట్ సెటప్‌లో సెర్చ్ మీదే ఆధారపడకుండా మిక్సర్ ఐపీని చేత్తో కొట్టి కనెక్ట్ చేయండి. వెతుకులాట బ్రాడ్‌కాస్ట్‌తో నడుస్తుంది, దాన్ని అడ్డుకునేవి చాలా ఉంటాయి. నేరుగా అడ్రసుకి వెళ్తే ఆ గొడవ ఉండదు. మిక్సర్ ఫర్మ్‌వేర్, ఎడిట్ వెర్షన్ మొదటి అంకె ఒకటేనా అన్నదీ చూసుకోండి.

కనెక్ట్ అయ్యేటప్పుడు అడిగే ఒక ప్రశ్న దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. సింక్ ఎటు నుంచి ఎటు? మిక్సర్ నుంచి పీసీకా, పీసీ నుంచి మిక్సర్‌కా? ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎప్పుడైనా సరే జవాబు మిక్సర్ నుంచి పీసీకే. అప్పుడే తెరిచిన ఎడిట్‌లో ఫేడర్లన్నీ కింద ఉంటాయి, రౌటింగ్ (ఏ సౌండ్ ఎటు వెళ్లాలన్నది) ఫ్యాక్టరీది. దాన్ని మిక్సర్‌కి తోస్తే పెళ్లి మధ్యలో మొత్తం నిశ్శబ్దం, పైగా మీరు రెండు గంటలు కష్టపడిన సౌండ్ చెక్ తుడిచిపెట్టుకుపోతుంది. ఇంటి దగ్గర ముందే తయారుచేసుకున్న సీన్ (సేవ్ చేసిన మొత్తం సెట్టింగులు) ఎక్కించేటప్పుడే రెండో దిక్కు, అదీ యాంప్లిఫయర్లు ఆన్ చేయకముందు. ల్యాప్‌టాప్ కలపక ముందు మిక్సర్‌లో ఒక సీన్, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ సేవ్ చేసుకోవడం అర నిమిషం పని.

లింకు తెగితే సౌండ్ ఆగుతుందా అని చాలామందికి భయం. ఆగదు. మిక్సింగ్ అంతా మిక్సర్ లోపలే జరుగుతుంది, ల్యాప్‌టాప్ రిమోట్ మాత్రమే. పోయేది కంట్రోలు, ధ్వని కాదు. ఎక్స్‌32 లాంటి ఫేడర్లున్న మిక్సర్‌కి ఇది చిన్న ఇబ్బందే. ఫేడర్లే లేని ఎక్స్‌ఆర్18కి మాత్రం పెద్ద ప్రమాదం. కాబట్టి దానితో వెళ్లినప్పుడు ట్యాబ్ ఎన్ని ఉన్నా, కేబుల్ మీద ఒక ల్యాప్‌టాప్ తప్పనిసరి.

ఇక వైఫై. హాలు వాళ్ల వైఫై వాడకండి. పాస్‌వర్డ్ ఇచ్చినా వద్దు. అది అతిథులకి పెట్టిన నెట్ అయితే ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా ఐసొలేషన్ ఆన్ చేసి ఉంటుంది, అప్పుడు మిక్సర్ ఎప్పటికీ కనిపించదు. లేకపోతే ఆరువందల ఫోన్లు అదే రూటర్‌ని పట్టుకుని ఉంటాయి. సొంత డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఒకటి కొనండి. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరికే మామూలుది చాలు. ఫేడర్ కదలికలకి పట్టే డేటా అతి తక్కువ. కావలసింది వేగం కాదు, తెగకుండా ఉండటం.

రూటర్ అడ్రసు 192.168.10.1గా మార్చండి. డీహెచ్‌సీపీ, అంటే రూటర్ తనంతట తాను అడ్రసులు పంచే ఏర్పాటు, దాని వరస 100 నుంచి 150. మిక్సర్ 10, ల్యాప్‌టాప్ 20 ఆ వరసకి బయట ఉన్నాయి కాబట్టి ఢీకొట్టవు. మిక్సర్ కేబుల్ ల్యాన్ పోర్టుల్లో ఒకదానికి వెళ్లాలి. రంగు వేరుగా ఉండే వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ లైను కోసం పెట్టింది) ఖాళీగానే ఉండాలి. మిక్సర్‌ని పొరపాటున అందులో పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, ఏదీ కనిపించదు. గెస్ట్ నెట్‌వర్క్, ఏపీ ఐసొలేషన్, స్మార్ట్ కనెక్ట్ (రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టేది) మూడూ ఆపేయండి. 2.4 గిగాహెర్ట్జ్‌కి, 5 గిగాహెర్ట్జ్‌కి వేర్వేరు పేర్లు పెట్టి, పని మొత్తం 5 మీదే చేయండి. పాస్‌వర్డ్ డబ్ల్యూపీఏ2, గట్టిది. ఎక్స్‌32కి సొంతంగా ఏ పాస్‌వర్డూ లేదు. మీ వైఫైలోకి వచ్చినవాడు మిక్సర్ నడిపే యాప్ దించుకుంటే చాలు, మాస్టర్ ఫేడర్ వాడి చేతిలో ఉంటుంది.

జనం నిండాక ఎందుకు తెగుతుందంటే కారణాలు రెండు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఫోన్ల హాట్‌స్పాట్లు, బ్లూటూత్, హాలు రూటర్, ఫొటోగ్రాఫర్ల వైర్‌లెస్ మైకులు, వీడియో వాళ్ల లింకు అన్నీ అక్కడే. ఉదయం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసినప్పుడు ఇవేవీ లేవు. రెండోది మనుషులు. ఒంట్లో నీరు ఈ తరంగాలని మింగేస్తుంది. మిక్సర్ పక్కన బల్ల మీద రూటర్ పెడితే, అందరూ కూర్చున్నప్పుడు పనిచేసినది, జీలకర్ర బెల్లం ముహూర్తానికి అందరూ లేచి అక్షింతలతో స్టేజి ముందుకు వచ్చేసరికి పోతుంది. గట్టిమేళం మొదలై డోలు మైకు తగ్గించాల్సిన నిమిషంలోనే ట్యాబ్ తెర మీద చక్రం తిరుగుతూ ఉండటం అందుకే, యాప్ తప్పు కాదు.

5 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే రద్దీ సమస్య తీరుతుంది, ఒళ్ల సమస్య తీరదు. 5 ఇంకా తేలిగ్గా ఆగిపోతుంది. దానికి మందు ఎత్తు ఒక్కటే. ఖాళీ మైకు స్టాండుకో స్పీకర్ స్టాండుకో కట్టి రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో, స్టేజికి నేరుగా కనిపించేలా రూటర్ పెట్టండి. ఇనుప ర్యాక్ లోపల వద్దు, ఎల్ఈడీ వాల్ వెనక అసలే వద్దు. ఛానెల్ ఆటో మీద వదలకుండా 36 గానీ 149 గానీ పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. మన దేశంలో 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకా చాలా జాగా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, కానీ 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లలో రాడార్ ఉందేమోనని రూటర్ ముందుగా వినాలి. రూటర్ ఆన్ అయ్యాక కనీసం ఒక నిమిషం వింటూ కూర్చుంటుంది, రాడార్ అనుకుంటే ప్రోగ్రామ్ మధ్యలోనే ఛానెల్ వదిలి పారిపోతుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి ఆడిటోరియంలో కన్సోల్ వెనక వరసల్లో ఉంటుంది కాబట్టి, రూటర్‌ని కన్సోల్ దగ్గర కాకుండా స్టేజి పక్కకి పొడవాటి క్యాట్6 లాగి అక్కడ ఎత్తులో పెడితే ఇంకా మేలు. ఆపరేటర్ ల్యాప్‌టాప్ ఎలాగూ కేబుల్ మీదే ఉంటుంది, వైఫై కావలసింది స్టేజి మీద మానిటర్లు సరిచేసే ట్యాబ్‌కి.

వైఫై బలహీనపడితే ముందు ఆగేవి తెర మీద సౌండ్ స్థాయి చూపే మీటర్లు. అది మంచి గుర్తు. ఎక్స్‌32 మార్పుల సమాచారాన్ని పది సెకన్ల పాటే పంపుతుంది, యాప్ మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి. ఆ అడగడం దారిలో పోతే మీటర్లు గడ్డకడతాయి, తెర మీద ఫేడర్ ఒకచోట, మిక్సర్ మీద ఇంకోచోట ఉంటుంది. యూడీపీలో పోయిన ప్యాకెట్ తిరిగి రాదు. మీటర్ ఆగిందంటే ఆ తెర మీద ఉన్నదేదీ నమ్మకండి, ఏదీ ముట్టుకోకుండా మళ్లీ కనెక్ట్ అయ్యి మిక్సర్ నుంచి తెచ్చుకోండి.

ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇంటర్నెట్ లేని వైఫైని వదిలేసి మొబైల్ డేటాకి దూకుతుంది. డేటా ఆపేయండి, "ఇంటర్నెట్ లేకపోయినా ఉండాలా" అంటే అవును అనండి. ఐప్యాడ్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఆ యాప్‌కి ఉండాలి. మ్యాక్‌లో సెకోయా వెర్షన్ నుంచి అదే అనుమతి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో స్లీప్ ఆపి, నెట్‌వర్క్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో "కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు" అన్న టిక్ తీసేయండి.

కేబుళ్ల ఎంపికలో ఒక తేడా గమనించండి. కంట్రోల్‌కి షీల్డ్ లేని మామూలు యూటీపీ మంచిది. ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి యూటీపీలో ఎర్త్ లూప్ ఏర్పడదు. స్టేజి మీది రూటర్‌కి ఒక ఫేజు, కన్సోల్‌కి ఇంకో ఫేజు ఉన్న హాల్లో షీల్డెడ్ కేబుల్ రెండు లోహపు బాడీల ఎర్తుల్ని కలిపేసి హమ్ తెచ్చిపెట్టగలదు. ఏఈఎస్50కి మాత్రం షీల్డెడ్ క్యాట్5ఈ, రెండు చివరలా షీల్డు అతికిన ఈథర్‌కాన్ (లోహపు తొడుగున్న ఆర్‌జే45 ప్లగ్) వాడాల్సిందే. అది లేకపోతే కార్పెట్ మీద నడిచినవాడి స్థిర విద్యుత్తుకే లింకు తెగి ఆడియో టప్పుమంటుంది. పొడవు 80 మీటర్లు దాటించకండి. ఏది కొన్నా అసలు రాగి వైరే అడగండి. రాగి పూత అల్యూమినియం చవకే, కానీ చుట్టి విప్పి చుట్టే మన పనికి నెలల్లో లోపల విరుగుతుంది.

కరెంటు సంగతి మర్చిపోతే ఇదంతా వృథా. పెళ్లిలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకే రూటర్ ఆరిపోతుంది, తిరిగి లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. 600 వీఏ యూపీఎస్ ఒకటి కన్సోల్ దగ్గర పెట్టి మిక్సర్, రూటర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ దానికి కలపండి. ఎక్స్‌32 తీసుకునేది 120 వాట్లే. యాంప్లిఫయర్లు, పవర్డ్ స్పీకర్లు ఆ యూపీఎస్ మీద పెట్టకండి. రూటర్ దూరంగా స్టేజి మీద ఉంటే దానికి విడిగా 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ చాలు, అడాప్టర్ వోల్టేజీ, పిన్ను సరిపోయేది చూసి తీసుకోండి. మే నెలలో మన ఎండకి బయట ప్రోగ్రామైతే రూటర్‌ని నీడలోనే ఉంచండి.

ముందు ముందు పెద్ద సెటప్‌కి వెళ్తే పద్ధతి ఇదే, అడ్రసులే మారతాయి. యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లు 192.168.0.128తో వస్తాయి, వాటిలో కంట్రోల్ పోర్టు వేరు, డాంటే (నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి) పోర్టులు వేరు. కంట్రోల్ వైఫైని డాంటే స్విచ్‌కే తగిలించి ఊరుకోకండి. డాంటే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకి పంపే డేటా) వైఫైలోకి పొంగితే ట్యాబ్‌లన్నీ కూలబడతాయి. వేరే స్విచ్ అయినా పెట్టండి, వీల్యాన్‌తో (ఒకే స్విచ్‌ని రెండు నెట్‌వర్కులుగా చేసే సెట్టింగు) అయినా విడదీయండి. డాంటే స్విచ్ గిగాబిట్ది అయి, ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ ఆపేసి ఉండాలి. ల్యాప్‌టాప్‌ని డాంటేకి కలిపే డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ ప్రోగ్రామ్ కేబుల్ మీద మాత్రమే.

ఇక చర్చి ఎక్స్‌ఆర్18. ముందు దాని లోపలి వైఫైని నమ్ముకోవడం మానేయండి. అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, నలుగురికి మించి కలవలేరు. ముందున్న స్విచ్‌ని ఈథర్‌నెట్ మీదకి తిప్పి రూటర్‌కి కేబుల్ వేస్తే అది రూటర్ నుంచి అడ్రసు తీసుకుంటుంది, రూటర్‌లో ఆ అడ్రసు దానికే రిజర్వు చేయండి. దీని పోర్టు 10024. ఇంటి నుంచి నడపడానికి రూటర్‌లో ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవమని ఎవరైనా చెబితే వినకండి. పాస్‌వర్డ్ లేని పరికరాన్ని రోడ్డు మీద పెట్టడమే అది. పైగా చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మీకంటూ పబ్లిక్ ఐపీ ఉండదు, తెరిచినా పని చేయదు. చర్చిలో ఒక పాత ల్యాప్‌టాప్ కేబుల్‌తో కలిపి, అందులో ఎక్స్ ఎయిర్ ఎడిట్ పెట్టి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మీకు మాత్రమే తెరుచుకునే దారి) మీదుగా ఆ ల్యాప్‌టాప్ తెరని రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరవండి. ఇంటర్నెట్ దారిలో తెర బొమ్మ మాత్రమే నడుస్తుంది. మిక్సర్‌తో మాట్లాడేది పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ కాబట్టి లైను మధ్యలో తెగినా ఫేడర్ సగంలో వేలాడదు.

ఇంటి నుంచి ఏమేం చేయొచ్చన్నదానికి హద్దు పెట్టుకోండి. సీన్ తిరిగి ఎక్కించడం, పొరపాటున మారిన రౌటింగ్ సరిచేయడం, మ్యూట్ గ్రూపులు చూడటం, ఎవరైనా పాడుచేసిన ఈక్యూ వెనక్కి తేవడం పర్వాలేదు. గెయిన్, 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సర్ నుంచి మైకుకి వెళ్లే కరెంటు) మాత్రం ముట్టుకోవద్దు. ఫీడ్‌బ్యాక్ ఎత్తుకున్నా మీకు వినపడదు, స్పీకర్ ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం వినపడుతుంది. తప్పనిసరైతే చర్చిలో ఒకరు ఫోన్ లైనులో ఉండి, మెయిన్ ఫేడర్ దించి, మీరు చెప్పాక మెల్లగా ఎత్తేలా చూసుకోండి.